లూర్దమ్మ అడిగిన పుస్తకం

తంగెళ్ళపాలెం, వయా మాచవరం
20-2-1983

యేసు మరియ జోజప్పలు తోడుండగా,

చిరంజీవి ఇన్నాసికి నీ మేనమామ, ఉపదేశి బాలశౌరి దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. విభూతి బుధవారం గుడి నిండింది, ఆదివారానికి సగమైంది. మిరపకోతలు కదా, జనం తపస్సుకాలం నలభై రోజుల్నీ ఆ ఒక్క విభూతి బొట్టుతో సరిపెట్టుకున్నారు. నువ్వు చిక్కిపోయావని మీ అమ్మ నన్ను చూసినప్పుడల్లా ఏడుస్తోంది. హైదరాబాదులో ఫాదర్లు లావుగానే ఉంటారు గదా, చదువుకునే బ్రదర్లే ఎందుకు చిక్కుతారో నాకు తెలియదు.

పని ఉండి రాస్తున్నాను. మాగాణి గట్టు దగ్గర నీళ్ళు మళ్ళించుకునే తగాదాలో చిన్నపరెడ్డి పారకర్రతో కొడితే లూర్దమ్మ కుడి మణికట్టు విరిగిన సంగతి నీకు తెలిసిందే. కట్టు వంకరగా కట్టారు, ఆ చేత్తో ఆమె ఇప్పుడు చెంబు కూడా ఎత్తలేదు. మగదిక్కు లేని మనిషి. ఆ కేసు గురజాల కోర్టులో ఏప్రిల్ 11న విచారణకు వస్తుంది. పోయిన తపస్సుకాలంలో నేను ఆమెకు నచ్చజెప్పాను. "పగవాడి మీద సాక్ష్యం చెప్పిన నాలుక మీద దివ్యసత్ప్రసాదం నిలవదు" అని ఒక పునీతుడు రాసిన మాట వినిపించాను. ఇక పూజలో ఫాదర్ పెట్టే ఆ అప్పం నోట్లో నిలవదని ఆమె హడలిపోయింది. కోర్టులో నేనే గట్టు మీద కాలుజారి పడ్డానని చెప్తాలే అని ఒప్పుకుంది. రాజీ అంటే మన వైపు అంతే గదా, దెబ్బ తిన్నవాళ్ళు జారిపడ్డామని చెప్పడమే.

ఇప్పుడు కొత్త మెలిక పెట్టింది. "జారిపడ్డానని కోర్టులో ప్రమాణం చేసి చెప్పాలి గదా ఉపదేశీ. ముందు ఆ పుస్తకం తెచ్చి నాకు చదివి వినిపించు, నా చెవులతో నేను వింటా" అంటోంది. చదువు రాకపోయినా పట్టు మాత్రం ఎమ్మే చదివినంత ఉంది. ఆ మాట రాసింది ఏ పునీతుడో, ఏ పుస్తకమో నాకు గుర్తు లేదు. మీ దగ్గర అంత పెద్ద లైబ్రరీ ఉంది గదా. వెతికి, ఆ పుస్తకం త్వరగా పంపించు.

నీ మామ
బాలశౌరి


సెమినరీ, హైదరాబాదు
27-2-1983

పూజ్యులైన మామయ్యగారికి ఇన్నాసి నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. పల్లెలో తపస్సుకాలపు సాయంత్రాలు ఆధ్యాత్మిక పఠనంతో గడపాలని మీకు తోచడం గొప్ప సంగతి. మా ఆత్మీయ గురువుల దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన అన్నారు: "పుస్తకంలో ఒక్క వాక్యం కోసం వెతికేవాడు బావిలో పడ్డ ఉంగరం కోసం వెతికేవాడిలాంటివాడు, నీళ్ళు తాగడు. వరసలో చదవమను."

ఆయన రాసిచ్చిన వరస ఇది. మొదట ఎడారిలో తపస్సు చేసిన పెద్దల మాటలు. తర్వాత ఇరవై ఏళ్ళు మంచం పట్టి ఆ బాధనంతా ప్రభువుకు అర్పించిన ఒక సన్యాసిని స్వీయచరిత్ర. ఆ పైన, మనస్సాక్షి పరీక్ష మీద ఒక వేదశాస్త్ర పండితుడు రాసిన ప్రశ్నోత్తరాలు. మొదటి రెండింటికీ తెలుగు ప్రతులు దొరికాయి, పార్సెలు చేస్తున్నాను. మూడోది ఇంగ్లీషులోనే ఉంది. రోజుకు ఒక పేజీ చొప్పున నేనే తెలుగు చేసి నోటుబుక్కులో రాస్తాను.

రోజుకు పావుగంట కన్నా ఎక్కువ చదవకండి. చదివాక కాసేపు మౌనంగా ఉండండి. లూర్దమ్మగారికి నా నమస్కారాలు. మీరు చెప్పిన ఆ వాక్యం కూడా వెతుకుతాను.

మీ మేనల్లుడు
ఇన్నాసి


తంగెళ్ళపాలెం
8-3-1983

సర్వేశ్వరునికి స్తోత్రం. నాకు ఓపిక.

ఒరేయ్ అల్లుడూ, ఆకలేసి అన్నం పెట్టమంటే విస్తరి కుట్టడం నేర్పుతున్నావు. నాకు పఠనం వద్దు, ఆ వాక్యం కావాలి. విచారణకు ఇంకా నెల్రోజులే ఉంది.

పార్సెలు విప్పేటప్పుడు లూర్దమ్మ గుడి అరుగు మీదే ఉంది. "వచ్చిందా నా పుస్తకం?" అంది. కాదని ఎట్లా చెప్పను? ఈ రెండింటిలో ఏదో ఒకటిలే అన్నాను. ఇక నాకు పని పడింది. రోజూ జపమాలకు ముందు వచ్చి కూర్చుంటోంది, వంకర చేతిని ఒళ్ళో పెట్టుకుని. నేను చదవాలి, ఆమె తప్పులు పట్టాలి.

ఎడారి పెద్దాయన ఒకాయన తనను తిట్టినవాడి కాళ్ళు కడిగాడని చదివాను. "ఆయనకి పెళ్ళామూ బిడ్డలూ ఉన్నారా? పొలం ఉందా?" అంది. గుహలో ఉంటాడమ్మా, ఏమీ లేదు అన్నాను. "మరి ఆయనకి గట్టు తగాదా ఎట్టా తెలుస్తది ఉపదేశీ? ఏమీ లేనోడి దగ్గర ఎవురేం లాక్కుంటారు?" అంది. పునీతుల్ని అట్లా అనకూడదని కసిరాను.

సన్యాసిని పుస్తకం నయం, నాలుగు రోజులు కళ్ళు తుడుచుకుంటూ విన్నది. అయిదో రోజు మాత్రం అడ్డం తిరిగింది. "ఆ తల్లికి జబ్బు దేవుడిచ్చాడు. నాకు ఈ చెయ్యి చిన్నపరెడ్డి ఇచ్చాడు. రెండూ ఒకటేనా?" అని అడిగింది. నువ్వు వేదశాస్త్రం చదువుతున్నావు గదా, దానికి జవాబు రాసి పంపు. నేను మాత్రం గంట కొట్టి జపమాల మొదలుపెట్టాను.

ఆ వాక్యం ఏ పుస్తకంలో ఉన్నా సరే, ఏ పునీతుడు రాసినా సరే. అట్లాంటి అర్థం వచ్చేది ఇంకేదైనా ఉన్నా సరే. నాకు మనసు మనసులో లేదు. వెంటనే జవాబు రాయి.

బాలశౌరి


సెమినరీ
14-3-1983

పూజ్యులైన మామయ్యగారికి నమస్కారం.

మీరు కోప్పడతారని తెలిసీ రాస్తున్నాను. ఆ వాక్యం లైబ్రరీలో ఎక్కడా లేదు. చివరికి మాకు నీతిశాస్త్రం చెప్పే ఫాదర్ గారిని క్లాసులోనే లేచి అడిగాను. ఆయన నవ్వారు, క్లాసంతా నవ్వింది. "ఇది రాసింది ఎవడో గానీ పునీతుడు మాత్రం కాదు బ్రదర్. న్యాయస్థానంలో సత్యం చెప్పడం పాపమైతే అట్లా చెప్పి ప్రాణాలిచ్చిన మన వేదసాక్షులంతా పాపులే" అన్నారు. నాకు తల కొట్టేసినట్లయింది. ఆ మాట ఎవరు చెప్పారని ఆయన అడిగితే మీ పేరు చెప్పలేదు.

మామయ్యా, ఒకటి అడుగుతాను. మీరు ఎవరితోనైనా పగలో ఉన్నారా? ఆ వాక్యం కోసం మీరు ఆత్రపడే తీరు చూస్తే, అది లూర్దమ్మగారి కన్నా మీకే ఎక్కువ అవసరమని అనిపిస్తోంది. వ్యాధి ఏదైనా ఉంటే దాచకండి. అమ్మకు కూడా ఒక కార్డు రాశాను, ఒకసారి వెళ్ళి మిమ్మల్ని చూసి రమ్మని.

పండితుడి ప్రశ్నోత్తరాలు ఆరు పేజీలు తెలుగు చేసి దీంతో పంపుతున్నాను. నష్టపరిచినవాడు ఎట్లా సరిదిద్దాలి, చూసినవాడి బాధ్యత ఏమిటి అనేవి ఇందులో ఉన్నాయి. లూర్దమ్మగారి ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. నేను దాన్ని నా డైరీలో రాసుకున్నాను.

ఇన్నాసి


తంగెళ్ళపాలెం
22-3-1983

ఇన్నాసికి,

నీ కార్డు పుణ్యమా అని మీ అమ్మ నరసరావుపేట నుంచి బస్సెక్కి, గోంగూర పచ్చడి జాడీ ఒకటీ, తాయెత్తులాంటి పతకం ఒకటీ పట్టుకుని దిగింది. దిగీ దిగగానే బజార్లోనే "మా తమ్ముడికి పుస్తకాలు చదివి మతి చలించిందంట" అని ఏడుపు. ఊరంతా నన్ను చూడ్డానికి వచ్చింది. చిన్నపరెడ్డి కూడా వచ్చి, ఏం ఉపదేశీ, బాగున్నావా, పదకొండో తారీఖుకి జీపు పంపిస్తాలే అని భుజం తట్టి పోయాడు. నాకు మతి బాగానే ఉంది. నీకే వాగుడు ఎక్కువైంది.

నీ నోటుబుక్కు చదివి వినిపించాను. దొంగిలించినది తిరిగి ఇవ్వకుండా గురువు దగ్గర పాపసంకీర్తనం చేసినవాడు, ముల్లు కాలిలోనే ఉంచుకుని మందు రాసుకున్నవాడు అని ఉందే, అక్కడ లూర్దమ్మ మోకాలి మీద చరుచుకుంది. "ఈయనయ్యా మనిషంటే! ఈయనది ఏ ఊరు?" అంది. ఇటలీ దగ్గర అన్నాను. "అక్కడ కూడా గట్లుంటాయిలే" అంది. మూడుసార్లు చదివించుకుంది.

నాలుగో పేజీలో నీ చేతిరాత సరిగ్గా లేదు. అక్షరాలు అలుక్కుపోయాయి. వదిలేసి అయిదులోకి పోయాను.

ఇక ఈ పండితుణ్ణి ఆపెయ్యి. ఆయన మన పల్లెలకు పనికిరాడు.

బాలశౌరి


సెమినరీ
26-3-1983

మామయ్యగారికి,

మిమ్మల్ని నలుగురిలో నగుబాటు చేసినందుకు క్షమించండి. అమ్మ అట్లా చేస్తుందని అనుకోలేదు.

నాలుగో పేజీ విషయం చదివి బాధపడ్డాను. పరీక్షల హడావుడిలో గబగబా రాశాను, తప్పు నాదే. ఆ అధ్యాయమంతటికీ అదే గుండెకాయ, దాన్ని వదిలేస్తే ఎట్లా? అందుకే ఈ వారం దాన్ని మళ్ళీ రాశాను. చిన్నపిల్లలు కూడా కూడబలుక్కుని చదివేంత పెద్ద అక్షరాలతో, నల్ల సిరాతో. దీంతో పెడుతున్నాను. ఈసారి మీకు ఇబ్బంది ఉండదు.

ఇన్నాసి

(జతపరచిన పేజీ)
ప్రశ్న: కొట్టినవాడొక్కడే బాధ్యుడా?
జవాబు: కాదు. తాను చూసినది చెప్పగలిగి ఉండీ, భయం చేతనో లాభం చేతనో చెప్పకుండా ఉన్నవాడు, కొట్టినవాడికి తన చెయ్యి కూడా సాయం ఇచ్చినవాడే.


తంగెళ్ళపాలెం
1-4-1983, పవిత్ర శుక్రవారం

ఇన్నాసీ,

నీ పెద్దక్షరాల కాగితం నిన్న వచ్చింది. నేను ఇంట్లో లేను, గుడి కడిగిస్తున్నాను. పోస్టుమాను కవరు తెచ్చి అరుగు మీద ఉన్న లూర్దమ్మకు ఇచ్చిపోయాడు. పక్కన ఆమె కూతురు రోజమ్మ ఉంది, ఏడో తరగతి దాకా చదివిన పిల్ల, మొన్ననే అత్తగారింటి నుంచి వచ్చింది. కవరు చించి పైకి చదివింది. నీ రాత అంత బాగుంది మరి.

నేను చీపురుతో బయటికి వచ్చేసరికి లూర్దమ్మ నన్నే చూస్తోంది. అరవలేదు. "ఉపదేశీ, ఈ పుస్తకం చూసినోణ్ణి చెప్పమంటంది. నీ పుస్తకం చెప్పొద్దంటంది. నీ పుస్తకం ఏదీ?" అంది. నేను గంట దగ్గరికి పోయాను. పవిత్ర గురువారం పూజ సాయంత్రం గదా, ఇంకా వేళ కాలేదని కూడా మరిచి తాడు లాగాను. ఊరు ఊరంతా ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది. ముప్పై ఏళ్ళలో ఆ తప్పు చెయ్యలేదు.

నీకు ఇంకా దాచి లాభం లేదు. ఆ కేసులో రెండో సాక్షిని నేను. ఆ రోజు తూము దగ్గర కాళ్ళు కడుక్కుంటూ ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. ఆమె పారకు అడ్డం పడలేదు, జారలేదు. చేతులు జోడించి నిలబడి ఉంటే కొట్టాడు. అప్పటి కంగారులో పోలీసులకు ఉన్నది ఉన్నట్లే చెప్పాను. తర్వాత చిన్నపరెడ్డి మనిషి వచ్చి, ఉపదేశిగారు ఉంటున్న పాక ఎవరి స్థలంలో ఉందో గుర్తుందా అని నవ్వి పోయాడు. ఆ స్థలం చిన్నపరెడ్డిదే, గుడి కమిటీ పెద్దరికమూ ఆయనదే. మీ అత్త పోయినప్పుడు బండి కట్టింది ఆయనే. నాకు బోనెక్కే ధైర్యం లేకపోయింది. ఆమె జారిపడ్డానంటే నేనూ అదే అనొచ్చు, ఎవరికీ నష్టం లేదు అనుకున్నాను.

అందుకని ఆ మాట నేనే అల్లాను. ఏ పునీతుడూ రాయలేదు. చెప్పేటప్పుడు ఎంత బాగా వచ్చిందంటే, నెల తిరిగేసరికి నేనూ ఎక్కడో చదివానేమో అనిపించింది. నీకు ఉత్తరం రాసిన ప్రతిసారీ, నువ్వు వెతికితే దొరుకుతుందేమో అని ఆశపడ్డాను.

నీకు అక్షరాలు దిద్దించింది నేను. సెమినరీకి నీ పెట్టె మోసుకొచ్చింది నేను. మామగా ఒక్కటి అడుగుతున్నాను. సెమినరీ పేరున్న కాగితం మీద ఒక్క వాక్యం రాసి పంపు, పునీతుడు ఫలానావాడు ఆ మాట రాశాడని. ఏదో ఒక పేరు. ఆమెకు చదువు రాదు, రోజమ్మకు ఆ పేర్లు తెలియవు. పదకొండు లోపల అందాలి.

మామ


సెమినరీ
5-4-1983

మామయ్యా,

రాశాను. నిజంగానే రాశాను. సెమినరీ కాగితం తీసుకుని, తేదీ వేసి, ఒక పునీతుడి పేరు కూడా పెట్టాను. చించేశాను. మళ్ళీ రాశాను. మూడుసార్లు. నాకు వచ్చే డిసెంబరులో గురువుగా అభిషేకం. నేను మొదట నేర్చుకున్న జపం మీ నోటి వెంట విన్నదే.

పంపలేను. మీకు కోపం వస్తే రానివ్వండి.

ఇంతకాలం నేను ఆ పేజీని మీ కళ్ళ కోసం పెద్దక్షరాలతో రాస్తున్నాననుకున్నాను. మీరు ఎందుకు వదిలేశారో నాకు తట్టలేదు. వేదశాస్త్రం చదివేవాడికి సొంత మామ భయం అర్థం కాకపోతే ఇక రేపు ఎవరి పాపసంకీర్తనం వింటాను?

పాక పోతే పోనివ్వండి. అమ్మ దగ్గర ఉండొచ్చు. కానీ ముందు లూర్దమ్మగారికి చెప్పండి. కోర్టులో కాదు, కోర్టుకు ముందే. ఆమె ఇంకా ఆ నాలుక మాట నిజమనుకుంటోంది.

ఈసారి ఏ పుస్తకమూ పంపడం లేదు.

ఇన్నాసి


తంగెళ్ళపాలెం
12-4-1983

చిరంజీవి ఇన్నాసికి,

నీ ఉత్తరం శనివారం అందింది. నిన్ను నోటికొచ్చినట్లు తిట్టాను, అది కూడా చెప్పుకోవాలి గదా. ఆదివారం పూజ అయ్యాక అరుగు మీద లూర్దమ్మకు చెప్పాను. పక్కన రోజమ్మ ఉంది. ఆ మాట పునీతుడిది కాదమ్మా, నాది, భయపడి చెప్పాను అన్నాను. ఆమె కొంగు దులుపుకుని లేచి వెళ్ళిపోయింది. ఒక్క మాటన్నా అని ఉంటే బాగుండేది.

సోమవారం చిన్నపరెడ్డి జీపు పాక ముందు ఆగింది. నేను ఎక్కకుండా బస్సుకు పోయాను. బస్సులో లూర్దమ్మ ముందు సీట్లో కూర్చుంది, తిరిగి చూడలేదు. గురజాల కోర్టు వరండాలో సాక్షుల్ని బయటే నిలబెడతారు. ముందు ఆమెను పిలిచారు. లోపల ఏం చెప్పిందో నాకు వినపడలేదు. తలుపు తీసుకుని వచ్చేటప్పుడు ఆమె మొహంలో కూడా ఏమీ తెలియలేదు. కొట్టాడనిందో, ఒప్పుకున్న ప్రకారం జారిపడ్డాననిందో. జారిపడ్డాననే చెప్పి ఉంటే ఇక నా మాట ఎందుకు, నేనొక్కణ్ణే పగవాణ్ణవుతాను అని ఒక్క క్షణం పాత బుద్ధి పుట్టింది. అప్పుడే బంట్రోతు నా పేరు పిలిచాడు.

ప్రమాణం చేయించారు. చూసింది చెప్పాను. తూము, పారకర్ర, జోడించిన చేతులు, అన్నీ. చిన్నపరెడ్డి తరఫు ప్లీడరు లేచాడు. "ఉపదేశిగారూ, నిన్నటిదాకా రాజీ అన్నారు. ఈ మాటలు మీకు ఎవరు నేర్పారు? మీ ఫాదర్ గారా? సెమినరీలో ఉన్న మీ అల్లుడా? ఏదైనా పుస్తకంలో చదివారా?" అని వెటకారంగా అడిగాడు. ఎవరూ నేర్పలేదయ్యా, నేను చూశాను, ఇది నా మాటే అన్నాను. ముప్పై ఏళ్ళుగా ఏం చెప్పినా పునీతుడు ఫలానా అన్నాడనే మొదలుపెట్టాను ఇన్నాసీ. ఎవరి పేరూ అడ్డం పెట్టుకోకుండా నోరు తెరవడం అదే మొదలు.

తీర్పుకు వాయిదా వేశారు. చిన్నపరెడ్డి నా పక్కనుంచి పోతూ, మిరపకాయలు ఎండబెట్టుకోడానికి పాక స్థలం కావాలన్నాడు. ఖాళీ చేస్తానని చెప్పాను. పుస్తకాలు రెండూ, నీ నోటుబుక్కూ మూటగట్టాను.

బస్టాండులో లూర్దమ్మ తనంతట తనే నా దగ్గరికి వచ్చింది. కొట్టాడనే చెప్పానంది. తను కూడా నాలాగే, నేను ఏం చెప్తానో తెలియకుండానే లోపలికి పోయిందట. నేను సంతోషపడి, ఏదో నాలుగు మంచి మాటలు చెప్పబోయాను. ఎడంచెయ్యి ఎత్తి ఆపింది.

"ఏడాది నుంచి పూజలో నోరు తెరిచి సత్ప్రసాదం తీసుకునేప్పుడల్లా, ఇది నా నాలిక మీద నిలుస్తదా జారిపోతదా అని చచ్చేంత భయపడ్డా ఉపదేశీ. ఇంటికొచ్చి అద్దంలో నాలిక చూసుకునేదాన్ని. చెయ్యి పోయింది చిన్నపరెడ్డి వల్ల, ఆ ఏడాది పోయింది నీ వల్ల. పోగొట్టింది తిరిగియ్యాలని నువ్వే గదా చదివావు. ఆ ఏడాది నాకెట్టా తిరిగిస్తావో చెప్పు" అంది.

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కూర్చుంది. నేను ఎక్కలేకపోయాను, తర్వాతి బస్సు దాకా ఆ బెంచీ మీదే కూర్చున్నాను.

నువ్వు దీనికి జవాబు ఏ పుస్తకంలోనూ వెతకొద్దు. వెతికి పంపినా నేను చదివి వినిపించను. ఆమె అడిగింది నన్ను.

మామ
బాలశౌరి